గాలి వెంట పోని పొడి

ఆ ఫ్యాను రెక్కలు ఎవరు వంచారో గానీ గాలంతా గోడకేసి పోతోంది, కింద కూర్చున్నవాళ్లకు చెమటే మిగులుతోంది, ఒక రెక్క కాస్త పైకి లేచింది, దాన్ని సరిచేస్తే ఈ వరండాలో సగం మందికి ప్రాణం లేచొస్తుంది, ఎక్కడికెళ్లినా గాలి ఎటు పోతోందో చూడటం నాకు జబ్బయిపోయింది, ఇది ప్రొద్దుటూరులో ఆసుపత్రి, ఎదురుగా ఉన్నది కాలిన గాయాల వార్డు తలుపు, దాని వెనక మా ల్యాబు ఫిట్టర్ నయీం ఒళ్లంతా గుడ్డలు చుట్టుకుని పడి ఉంటే నేను బయట కూర్చుని ఫ్యాను రెక్కల వంపు చూస్తున్నాను, పక్కన వాళ్ల నాయన అజ్మతుల్లా, బెంచీ మీద ఎంత చోటున్నా అంచునే కూర్చుంటాడు, కొడుకు పనిచేసే కాలేజీ మేడమ్ పక్కన నిండుగా కూర్చోకూడదని ఈయనకు ఎవరు చెప్పారో, టీ తాగుతావామ్మా అంటాడు, వద్దంటాను, కాసేపాగి మళ్లీ, తాగుమ్మా, సొమ్మసిల్లి పోతావు, లోపల ఉన్నది ఆయన కొడుకు, సొమ్మసిల్లేది నేనట.

మాస్కు తగిలించకముందు నయీం నాతో మాట్లాడాడు, అదే తిరిగి తిరిగి వస్తోంది, పెదవులు కదల్చడానికే కష్టపడుతూ, మేడమ్, నేనే వాల్వు ఎక్కువ తిప్పినానేమో అన్నాడు, తిప్పినావా నయీం, గుర్తుందా అన్నాను, గుర్తు లేదు మేడమ్, పెద్ద సార్ తిప్పినావు అంటాండాడు కదా, తిప్పే ఉంటా, ఆ మాటలో బాధ కూడా లేదు, పెద్దవాళ్లు చెప్పిన లెక్క ఒప్పుకున్నట్టు ఒప్పుకున్నాడు, పెద్ద సార్ అంటే మా డిపార్ట్‌మెంటు హెడ్డు రాఘవేంద్రప్రసాద్, ఆయన పళ్లు పట్టుకొచ్చి మంచం పక్కన పెట్టి, ఏం నయీం, కంగారులో గ్యాస్ వాల్వు ఎక్కువ తిప్పినట్టుండావే అన్నాడు, అడిగినట్టే ఉంది, కానీ అడగలేదు, చెప్పాడు, నేను పక్కనే నిలబడి పళ్ల సంచీ వంక చూశాను.

జమ్మలమడుగులో బండల పాలిష్ ఫ్యాక్టరీ అది, వాళ్ల పాత డీజిల్ జనరేటర్ని గ్యాసు మీద నడిచేలా మేమే మార్చాం, సిలిండర్ పైన మూతలా కూర్చునే హెడ్డు కొత్తది, మా డిజైను, స్పార్క్ ఎప్పుడు పడాలో మేం చెప్పిందే, చిన్న లోడు మీద పిల్లిలా గురకపెట్టింది, నయీం నవ్వుతూ బొటనవేలు చూపించాడు, పాలిష్ మిషన్లన్నీ ఒకేసారి వేయండప్పా అని కేకేశాడు, వేశారు, అంతే, టకటకటకమని లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు, ఆ శబ్దం మాకు తెలుసు, గ్యాసు తన వంతు రాకముందే ఒక్కసారిగా అంటుకుంటే వచ్చే శబ్దం, నా మొగుడు శివ ఆపు ఆపు అని అరిచాడు, నయీం వాల్వు దగ్గరికి పరుగెత్తాడు, మూసేయడానికే పరుగెత్తాడు, అది నేను చూశాను, చూశాను కదా, ఇంజన్ పక్క మూత ఎగిరిపోయి మంట అడ్డంగా నాలుక చాపింది, ఆ తర్వాత చూసింది తలచుకోను, తలచుకోను.

ఇవాళ పులివెందులలో రెండో ఇంజన్, అదే హెడ్డు, అదే స్పార్క్, ఆదినారాయణ గారి అరటికాయల కోల్డ్ స్టోరేజీలో, ఆగకూడదమ్మా ప్రసూనా అన్నాడు రాఘవేంద్రప్రసాద్, రెండోది నిండు లోడు మీద నడిచిందంటే మొదటిది ఆపరేటర్ తప్పని అదే తేలిపోతాది, మన డిజైన్లో దోషం యాడుంది, నీ లెక్కా శివ కొలతా గీతకు గీత కలిసినాయి కదా, కలిశాయి, అవును, ఆ మాటకు ఎదురు చెప్పడానికి ఏమీ లేదు, శివ పొద్దున్నే పులివెందులకు పోయాడు, ఆ కొలత కొలిచింది అతనే, గడప దాటుతూ, మధ్యాన్నానికి లోడు ఎక్కిస్తాం, నువ్వు నయీం దగ్గరుండు అన్నాడు, ఆ ఇంజన్ పక్కన ఈసారి నిలబడేది శివే, అందుకే అతను చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే అతని చేతుల వంక చూస్తూ ఉండిపోయాను, చేతులకు ఏమీ కాలేదు, ఇంకా కాలేదు.

బయట మేస్త్రీ బండ కోస్తున్నాడు, వరండా పొడిగిస్తున్నారట, రోగులున్నచోట ఇదేం పని అని ఎవరో తిడుతున్నారు, కట్టర్ కింద నుంచి తెల్లటి దుమ్ము పిచికారీలా చిమ్ముతోంది, తెల్లగా, మా అద్దాల ఇంజన్లో పొడిలాగే తెల్లగా, నయీం ఆ ఇంజన్ను పెండ్లికూతురు అనేవాడు, మా పెండ్లికూతురు జాగ్రత్త సార్, చిన్న గీటు పడినా అలుగుతాది, అది నడిపే ఇంజన్ కాదు, చూసే ఇంజన్, ఇనుప సిలిండర్ బదులు గాజు సిలిండర్, లోపల మంట ఉండదు, మోటారుతో పిస్టన్ను ఆడించి గాలిని పీల్పిస్తాం, గాలి కంటికి కనపడదు కాబట్టి అందులో ఏదో ఒకటి కలపాలి, లేజరు వెలుగును పల్చటి పొరలా పరిస్తే ఆ నలుసులు మెరుస్తాయి, వెంటవెంటనే రెండు ఫోటోలు తీస్తే మొదటి ఫోటోలో ఇక్కడున్న నలుసు రెండో దానిలో ఎంత దూరం జరిగిందో తెలుస్తుంది, అదే గాలి వేగం, అది శివ పని, నా పని కంప్యూటరు ముందు, అదే ఇంజన్ను లెక్కల్లో కట్టి గాలి ఎలా తిరగాలో ముందే చెప్పడం, చివరికి రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తాం, కలిస్తే నా లెక్క నిజమని అర్థం, అప్పుడా లెక్కను నమ్మి అసలు ఇంజన్ చేయొచ్చు, కలవకపోతే ఎవరో ఒకరు తప్పు.

మొదట కలవలేదు, అసలు కలవలేదు, నా లెక్కలో గాలి బొంగరంలా సుడి తిరిగింది, శివ ఫోటోల్లో సోమరిగా, అన్నం తిన్న దున్నపోతులా తిరిగింది, ఇది చిన్న తేడా కాదు, సుడి గట్టిగా ఉంటే మంట గబగబా పాకుతుంది, స్పార్క్ ఆలస్యంగా ఇవ్వాలి, సుడి మెత్తనైతే మంట నిదానం, స్పార్క్ తొందరగా ఇవ్వాలి, తలకిందులైతే ఇంజన్ తన్ను తానే కొట్టుకుంటుంది, ఆ వారమంతా ఇంట్లో అదే గొడవ, ఉగ్గాని కలుపుతూ కూడా అదే, నీ గాలి నీ కంప్యూటర్లోనే తిరుగుతాది ప్రసూనా, నాది కంటితో చూసింది, నీకు నచ్చని ఫోటోలు పక్కన పడేశావేమో శివా, ఏందీ, దొంగ ఫోటోలంటావా నావి, దొంగవి అనలేదు, మరేందన్నావు, బజ్జీ తింటావా అన్నాను, నవ్వాడు, నేనూ నవ్వాను, కానీ తగ్గింది నేను, ఎప్పుడూ తగ్గేది నేనే అని కాదు, శివ కొలత విషయంలో అబద్ధమాడడు, అద్దం మీద వేలిముద్ర కనపడితే మొత్తం మళ్లీ మొదలుపెట్టే మనిషి, అతనిదే నిజమనుకున్నాను, లెక్కలో గాలి లోపలికొచ్చే దారిలో ఒరిపిడి కాస్త పెంచాను, కలవలేదు, ఇంకాస్త, ఇంకాస్త, పక్కన ఇంకో రెండు విలువలు సర్దాను, అందరూ చేస్తారు, పుస్తకాల్లో దానికి మంచి పేరే ఉంది, ఒక సాయంత్రం గీత గీతమీద కూర్చుంది, శివ వచ్చి నా కుర్చీ వెనక నిలబడి చూసి నా తలమీద చెయ్యి పెట్టాడు, ఎంత సంతోషం, ఆ సంతోషంలో నేను ఏం మార్చానో చెప్పలేదు, అతను అడగలేదు.

సాంబ్రాణి వాసన, శుక్రవారం కదా, ఫకీరు సాయిబు నెమలీకల కట్టతో, పొగ గిన్నెతో అంగడి అంగడికీ తిరుగుతూ ఆసుపత్రి మందుల షాపు ముందుకొచ్చాడు, అజ్మతుల్లా లేచి నిలబడ్డాడు, ఈడికి కూడా రా బాబా, నా కొడుకు లోపలుండాడు అన్నాడు, నర్సు పొగ లోపలికి రానీకండి అని అరిచింది, సాయిబు వరండా మెట్టు మీదే ఆగి గిన్నె ఊపాడు, అల్లా చల్లగా చూడనీ అన్నాడు, పొగ లోపలికి వచ్చింది, ఎవరి మాటా వినదు పొగ, వంకర ఫ్యాను కిందికి వచ్చి మెలిక తిరిగింది, గోడకు తగిలి వెనక్కి మళ్లింది, స్తంభం మూల దగ్గర చిన్న సుడి ఉందని నాకు తెలియదు, పొగకు తెలిసింది, అందులోకి దూరి గిర్రున తిరిగింది, ఎంత బాగా గాలిని చూపిస్తోంది అనుకున్నాను, వరండాలోకి పడుతున్న అదే ఎండపట్టీలో మేస్త్రీ కట్టర్ దుమ్ము కూడా ఉంది, అది తిరగడం లేదు, గాలి మలుపు తిరిగినచోట దుమ్ము తిరగకుండా నేరుగా పోతోంది, గోడకు కొట్టుకుంటోంది, జారిపోతోంది, ఒకే గాలి, ఒకే ఎండ, పొగ ఒక కథ చెబుతోంది, దుమ్ము ఇంకో కథ చెబుతోంది, దుమ్ము చెప్పే కథలో సుడి లేదు.

దుమ్ము చెప్పే కథలో సుడి లేదు.

మేం వాడింది పొగ కాదు కదా, మొదట్లో నూనె పొగమంచు వాడేవాళ్లం, నూనెను తుంపర చేసి గాలిలో కలిపితే పొగలాగే ఉండేది, కానీ అది గాజుకు పట్టుకునేది, కాసేపటికే అద్దం మసకబారేది, సిలిండర్ ఊడదీసి తుడవాలి, తుడిచేది నయీం, ఒకరోజు గాజు అంచు అతని అరచేతిని కోసింది, లోతుగా, నేల మీద రక్తం చూసి శివ ముఖం పాలిపోయింది, ఇంగ నూనె వద్దు, వానితో ఇంగ గాజు ఊడదీయించను అన్నాడు, తర్వాత ఎక్కడి నుంచో చిన్న సంచీ తెచ్చాడు, ముగ్గురాయి పొడి, బెరైటీస్ అంటారే అది, మన జిల్లాదే, మిల్లులో ఆడించింది, జల్లెడ పట్టి వేళ్ల మధ్య రుద్ది నా బుగ్గ మీద రాశాడు, చూడు, నీ పౌడరు కన్నా మెత్తగుంది, నయీం నవ్వి, మేడమ్‌కు ముగ్గేస్తాండావా సార్ అన్నాడు, లేజరు పడగానే ఎంత మెరిసిందో, చుక్కల ఆకాశంలా, అంత చక్కటి ఫోటోలు ఎవరికీ రాలేదు, అద్దానికి అంటుకోదు, ఉఫ్ అంటే పోతుంది, నయీం చెయ్యి మానింది, మెత్తగా ఉందా అని చూశాం, మెరుస్తోందా అని చూశాం, బరువెంతో చూడలేదు.

బరువెంతో చూడలేదు, ఎవరు, మేం, కడప జిల్లాలో పుట్టినవాళ్లం, ముగ్గురాయి లారీలు చూస్తూ పెరిగినవాళ్లం, చిన్నప్పుడు కమలాపురంలో రైలు గేటు పడితే నాన్న స్కూటర్ మీద ముందు నిలబడి వాటినే చూసేదాన్ని, నాన్నా ఆ లారీ సగమే నింపినారేంది అంటే, సగం కాదే, అదే నిండు, ముగ్గురాయి అంత బరువు, ఇంకాస్త వేస్తే ఇరుసు ఇరుగుతాది అనేవాడు, అది చదువు కూడా కాదు, ఇక్కడ పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతి, అంత బరువైన దాన్ని ఎంత మెత్తగా ఆడిస్తే మాత్రం గాలితో సమానంగా మలుపు తిరుగుతుందా, గాలి సుడి తిరిగింది, పొడి వెనకబడింది, మేం పొడి వేగం కొలిచి గాలి వేగం అనుకున్నాం, శివ ఫోటోలు అబద్ధం కాదు, పొడి గురించి నిజమే చెప్పాయి, గాలి గురించి ఏమీ చెప్పలేదు, మరి గాలి గురించి చెప్పింది ఏది, నా మొదటి లెక్క, బొంగరంలా తిరిగిన ఆ గీత, దాన్ని నేనే వంచాను, ఒరిపిడి పెంచి, ఇంకాస్త పెంచి, నిజాన్ని పట్టుకొచ్చి పొడి పక్కన కూర్చోబెట్టాను, సుడి మెత్తనని చెప్పి స్పార్క్ ముందుకు జరిపాం, లోపల గాలి బొంగరంలా తిరుగుతూ ఉంది, చిన్న లోడుకు తట్టుకుంది, నిండు లోడు వేయగానే, నయీం.

శివ.

ఫోను, ఫోనెక్కడ, సంచీలో, ఒడిలోనే ఉంది, మోగుతోంది, ఎత్తడం లేదు, జనరేటర్ గదిలో ఉంటే వినపడదు, మళ్లీ, ఎత్తడం లేదు, ఏమయిందమ్మా అంటున్నాడు అజ్మతుల్లా, ఏం లేదు చాచా, ఏం లేదు, ముద్దనూరు మీదుగా కారు తీసుకుపోతే, అందదు, రాఘవేంద్రప్రసాద్‌కు చేస్తే, నీకు నిద్ర లేదమ్మా, కాస్త పడుకో అంటాడు, మళ్లీ శివకే, మోగుతోంది, ఎత్తు శివా, ఎత్తరా, ఎప్పుడూ అలా పిలవలేదు, ఆగిపోయింది, అంతలో నా ఫోనే మోగింది, శివే, అలవాటు అతనికి, ఏ ఇంజన్ మొదలుపెట్టినా ఫోను దాని దగ్గర పెట్టి నాకు వినిపిస్తాడు, విను ప్రసూనా, విను, ఎట్లుందో చెప్పు, పిల్లిలా గురక, జమ్మలమడుగులో విన్నదే, అచ్చం అదే, ఆపు శివా, ఆఁ, ఏందీ, వినపడలా, ఆపు, ఇప్పుడే ఎక్కిస్తాండాం లోడు, ఆదినారాయణ గారు టెంకాయ కొట్టినారు, వెనక నుంచి ఒక గొంతు, ఏందప్పా నీ ఫోన్లు, ఎక్కియ్యి తొందరగా, కాయలు మాగిపోతాండాయి ఆడ, నవ్వులు, చాలామంది ఉన్నారు, శివా, గ్యాస్ కట్టెయ్, ముందు కట్టేసి తర్వాత నన్ను తిట్టు, మేయ్, ఇంతమంది నిలబడుకోనుండారు, ఏమని చెప్పి కట్టేయాల, నీ కొలత తప్పని చెప్పు, ఫోనులో ఇంజన్ గురక ఒక్కటే, పొడి బరువు శివా, ముగ్గురాయి, అది గాలితో తిరగలేదు, అదెట్లా తప్పయితాది, నీ లెక్కతో కలిసింది కదా, గీతకు గీత కలిసినాయి కదా, కలవలేదు, కలిపినా, నీకోసం నేనే కలిపినా, మొదట వచ్చిందే నిజం, అదే చెబుతున్నాను కట్టెయ్, శివ ఊపిరి వినిపించింది, తర్వాత బూట్ల చప్పుడు, ఎవరో ఏయ్ ఏయ్ అనడం, గురక సన్నబడింది, దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆగిపోయింది, ఆ నిశ్శబ్దంలో ఎక్కడో కోడి కూసింది, ఆదినారాయణ గారి గొంతు, ఏమప్పా సారూ, మీ ఇంటామె చెప్తే ఇంజన్లు ఆపుతారా మీ కాలేజీలో.

కట్టేసినా అన్నాడు శివ, గొంతు ఎవరిదో లాగుంది, నాకూ ఆ పొడి మీద మొదట్లో డౌటుండె ప్రసూనా, నిజంగా ఉండె, నూనెతో మళ్లీ ఒక్కసారి కొలుస్తామనుకున్నా, నీది వచ్చి కలిసేసరికి వదిలేసినా, నీ లెక్క నీదని కదా నేను నమ్మింది, అతని కొలత నిజమని నా లెక్క వంచాను నేను, నా లెక్క దానంతటది కలిసిందని తన కొలత నిజమనుకున్నాడు అతను, ఒకరికి ఒకరం సాక్షులమనుకున్నాం, మా ఇద్దరికీ బయటి సాక్షి ఎవరూ లేరు, నయీం చేతికి గాజు కోసుకోకూడదని తెచ్చిన పొడి అది, ఫోను పెట్టేశాడా నేనే పెట్టేశానా తెలియదు.

శివ చేతులు బాగానే ఉన్నాయి, అది సంతోషం కావాలి, రావడం లేదు, జమ్మలమడుగులో ఇలా ముందే ఆపమన్నవాళ్లు లేరు, సాంబ్రాణి సాయిబు వెళ్లిపోయాడు, పొగ ఇంకా మూలలో తిరుగుతోంది, వార్డు తలుపు తెరుచుకుంది, నర్సు అజ్మతుల్లా వంక చూసి, నయీం వాళ్ల నాయనా, ఒకసారి లోపలికి రా, డాక్టరు పిలుస్తాండాడు అంది, ఆ గొంతు మెత్తగా ఉంది, ఇందాక పొగను చూసి అరిచిన గొంతు కాదు, మెత్తగా ఎందుకైందో ఆయనకూ అర్థమైంది, లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు, కాళ్లకే ఉన్నాయి, చాచా అన్నాను, చెయ్యి పట్టుకున్నాను, నయీం వాల్వు తిప్పలేదు చాచా, ఎక్కువ తిప్పలేదు, మూసేయడానికే పోయాడు, నేను చూశాను, తప్పు మాది, నాదీ మా ఆయనదీ, ఇంజన్ మేం చెప్పినట్టు చేయబట్టే అట్లయింది, ఆయన నా చేతి మీద తన రెండో చెయ్యి వేశాడు, ఓదారుస్తున్నట్టు, నీవు మంచిదానివమ్మా, మా వాని మీద ప్రేమతో చెప్తాండావు, కానీ వాడే చెప్పినాడు కదమ్మా నాకు, అబ్బాజాన్, నేనే తిప్పినా, మేడమోళ్లను ఏమీ అనొద్దు అని, వాడు అబద్ధం చెప్పడమ్మా.

అవును, నయీం అబద్ధం చెప్పడు, శివ చెప్పడు, నేనూ చెప్పలేదు, మేం ముగ్గురం పక్కవాడి మాట నిజమై ఉంటుందని మా మాటను కాస్త వంచాం, అంతే, చాచా వెనకే తలుపు దాకా నడిచాను, నన్నూ రానీయండి సిస్టర్, అతని చెవిలో ఒక్క మాట, వినపడదు మేడమ్ ఇంగ, వినపడకపోయినా, నర్సు పక్కకు జరిగింది, తిప్పలేదు నయీం, నువ్వు తిప్పలేదు, లోపలికి నడుస్తూ ఈ మాట అంటూనే ఉన్నాను, ఇక అడగడానికి అతను లేడు, ఒప్పుకోవడానికీ లేడు, మూడు గీతలూ చక్కగా కలిశాయి, నాది, శివది, నయీంది, గాలి గీత మాత్రం ఎవరమూ గీయలేదు.